నాన్నని ఇంటికి తెచ్చుకునే ముందు

తల్లీ,

వెన్నుపాము దెబ్బతిన్న నాన్నని ఆస్పత్రి నుంచి సరాసరి మీ ఇంటికే తీసుకెళ్తానన్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మురిసిపోయాను, కానీ రాత్రంతా నిద్ర పట్టలేదు. గాలి పరుపు, వీల్‌చైర్, రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం ఇవన్నీ వార్డులో చెప్పే ఉంటారు. నా భయమంతా మూత్రం గురించే.

వెన్నుపాము దెబ్బతింటే పడిపోయేది కాళ్లొక్కటే కాదమ్మా. ఒంట్లోని మూత్రం సంచి నిండిందని మెదడుకి వెళ్లే కబురూ, ఇక వదలమని మెదడు పంపే ఆజ్ఞా రెండూ అందులోంచే నడుస్తాయి.

నేను ఆస్పత్రిలో డ్యూటీ చేసే రోజుల్లో తాటిచెట్టు మీంచి పడ్డ గీత కార్మికుడొకాయన వచ్చాడు. అంతకుముందు చూసినవాళ్లు మూత్రం పైపు తీసేసి ఇంటికి పంపేశారు, ఆ తర్వాత ఏం చేయాలో ఒక్క ముక్క చెప్పలేదు. లుంగీ ఎప్పుడూ తడిగానే ఉండేదట, మూత్రం వస్తోంది కదా అని ఇంట్లోవాళ్లు నిశ్చింతగా ఉన్నారు, పైగా పక్క తడుస్తోందని మంచినీళ్లు కూడా తగ్గించేశారు. అది నిండిన ట్యాంకు పొర్లడం లాంటిది. లోపల సంచి ఏనాడూ ఖాళీ కాలేదు. ఆ ఒత్తిడి పైకి తన్ని రెండు కిడ్నీలూ ఉబ్బాయి, చలిజ్వరంతో మోసుకొచ్చారు. “రోజూ దుప్పట్లు ఉతుకుతూనే ఉన్నాను కదమ్మా” అని వాళ్లావిడ ఏడ్చింది. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి చెప్పాల్సిన మాట ఎవరూ చెప్పలేదే అని ఇప్పటికీ కోపం వస్తుంది నాకు.

కాబట్టి తడి చూసి మోసపోకు. డాక్టరునడిగి, డిశ్చార్జికి ముందే సీఐసీ నేర్చుకో, అంటే నాలుగు నుంచి ఆరు గంటలకోసారి సన్న పైపు వేసి ఖాళీ చేసి వెంటనే తీసేయడం. సిస్టర్ ముందు నీ చేత్తో చేసి చూపించాకే బయల్దేరు. ఇన్ఫెక్షన్ వస్తుందేమోనని టెన్షన్ పడకు, చేతులు శుభ్రంగా కడుక్కుని వేళకి ఖాళీ చేయడమే ముఖ్యమని 1972లోనే అమెరికాలో లాపిడెస్ అనే డాక్టరు చూపించాడు. నాన్నకి చేతులు బాగానే ఆడుతున్నాయి కదా, మెల్లగా ఆయనకే అలవాటు చెయ్యి. కూతురి ముందు ఎంత నలిగిపోతాడో నాకు తెలుసు.

ప్రతిసారీ కొలిచి రాసిపెట్టు. 500 మిల్లీలీటర్లు దాటుతుంటే డాక్టరుకి చెప్పి వేళలు దగ్గర చెయ్యి. పొట్ట నొక్కి రప్పించమని ఎవరు చెప్పినా వినొద్దు. జ్వరంతో వణికితే తెల్లారేదాకా ఆగావంటే ఊరుకోను! ఏడాదికోసారి కిడ్నీ స్కాన్ మానొద్దు.

రాత్రి అలారం నువ్వొక్కదానివే మోయకు, తమ్ముడితో వంతులేసుకో. వాడు గొణిగితే ఫోన్ నాకివ్వు. మొదటి వారం నేనొచ్చి మీతోనే ఉంటాను.

పెద్దమ్మ