చీమ మంచిది, మిడత చెడ్డది అని ఎవరు తేల్చారు?

మీ బాబుకు ఏడేళ్లనీ, ఈసప్ జంతుకథల పుస్తకం కొనాలనుకుంటున్నాననీ, ఎప్పుడో గ్రీకుల నాటి ఆ నీతులు ఈ కాలం పిల్లలకు పనికొస్తాయా అనీ అడిగారు. కథలు పనికొస్తాయి. కథ కింద ‘నీతి’ అని లావు అక్షరాలలో అచ్చువేసే వాక్యం మాత్రం పనికిరాదు, చాలాసార్లు చెరుపు కూడా చేస్తుంది. ఇరవై రెండేళ్లుగా ప్రాథమిక పాఠశాలల్లో పాఠాలు చెబుతున్నాను. మొదటి కొన్నేళ్లు ఆ వాక్యాన్ని నల్లబల్ల మీద రాసి పిల్లల చేత కంఠస్థం చేయించినదాన్ని కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పగలను.

అప్పట్లో గుంటూరు జిల్లాలో ఒక ఊళ్లో పనిచేసేదాన్ని. ఆ ఊళ్లో సన్నాయి మేళం వాళ్ల ఇళ్లు అయిదారు ఉండేవి. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తరతరాలుగా ముస్లిం కుటుంబాలు హిందువుల పెళ్లిళ్లలో, గుళ్లలో సన్నాయి వాయిస్తున్నాయి. షేక్ చిన మౌలానా అంతటి విద్వాంసుడు పుట్టింది ప్రకాశం జిల్లా కరవదిలోనే. నా నాలుగో తరగతిలో ఒక అమ్మాయి అటువంటి ఇంటి పిల్ల. వాళ్ల నాన్న సన్నాయి, చిన్నాన్న డోలు.

పరీక్షలో ‘చీమ, మిడత కథలోని నీతి ఏమిటి?’ అని రెండు మార్కుల ప్రశ్న ఇచ్చాను. ముప్పై మందికి పైగా పిల్లలు ఒకే జవాబు రాశారు, నేను బల్ల మీద రాసి ఇచ్చిందే: ముందుచూపుతో కష్టపడేవారు సుఖపడతారు, సోమరులు బాధపడతారు. ఆ అమ్మాయి మాత్రం ‘పాట విన్నవాళ్లు గింజలు ఇవ్వాలి’ అని రాసింది. నేను సున్నా పెట్టాను.

పేపర్లు పంచిన రోజు ఆ పిల్ల ఏడవలేదు. కాగితం పట్టుకొని నా దగ్గరకు వచ్చి, “టీచర్, ఎండాకాలమంతా మిడత పాడుతుంటే చీమలు విన్నాయి కదా?” అని అడిగింది. విన్నాయి అన్నాను. “మరి?” అంది. నేనేమీ చెప్పలేకపోయాను. గంట కొట్టారు, పిల్లలు అన్నానికి పరుగెత్తారు, నా చేతిలో ఆ కాగితం ఉండిపోయింది.

ఆ సంవత్సరమే ఆషాఢంలో, ఏదో దరఖాస్తు మీద తండ్రి సంతకం కావలసి వచ్చి వాళ్లింటికి వెళ్లాను. ఆయన అరుగు మీద కూర్చొని ఉన్నాడు. సన్నాయి పాత పంచె ముక్కలో చుట్టి గోడకు ఆనించి ఉంది. ఊదే రెల్లు ముక్కలు ఒక దారానికి గుచ్చి, ఒక్కొక్కటీ నోట్లో తడిపి, చిన్నగా ఊది చూస్తున్నాడు. పగిలినదాన్ని పక్కన పెడుతున్నాడు, బాగున్నదాన్ని మళ్లీ దారానికే గుచ్చుతున్నాడు. “ఈ నెల ముహూర్తాలు లేవు కదమ్మా, శ్రావణం వస్తే గాని పని ఉండదు” అన్నాడు. వైశాఖ జ్యేష్ఠాల్లో మండే ఎండలో, రేకుల పందిళ్ల కింద, రాత్రీ పగలూ వాయించిన మనిషి ఆయన. ఒకటి రెండు ఇళ్ల వాళ్లు మాట్లాడుకున్న డబ్బులో సగమే ఇచ్చి, తక్కినది తరువాత చూద్దామని పంపించారట. తాళి కట్టే వేళ పంతులుగారు చెయ్యెత్తి ‘గట్టిమేళం’ అన్నప్పుడు ఒక్క క్షణం ఆలస్యమైతే మాత్రం పందిరంతా వాళ్ల వైపే తిరిగి చూస్తుందని చెప్పాడు. ఆ మాట ఆయన కోపంగా అనలేదు. వాన పడలేదని రైతు చెప్పినట్టు చెప్పాడు.

ఆ అమ్మాయి ఇంట్లో ఎండాకాలపు పాటే కోత, ఆ పాటే నూర్పిడి. ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువ కష్టపడేది వేసవిలోనే. అటువంటి పిల్లకు ‘వేసవిలో పాడినవాడు సోమరి’ అని నేను పాఠం చెప్పాను, ఒప్పుకోనందుకు సున్నా వేశాను. మరునాడు రెండు మార్కులూ వేసి రిజిస్టరులో దిద్దాను. తోటి ఉపాధ్యాయులొకరు ‘కీ’లో లేని జవాబుకు మార్కులేమిటి అన్నారు. ఆ మాట ఇప్పటికీ వింటూనే ఉన్నాను, ఎప్పుడు విన్నా ఒళ్లు మండుతుంది. రెండు మార్కుల కోసం కథను పిండి రసం తీసి, పిప్పిని పిల్లల నోట్లో కుక్కుతున్నాం. గైడ్లు అమ్మేవాళ్లయితే కథను కూడా తీసేసి నీతి ఒక్కటే వేస్తున్నారు.

ఆ తరువాత నాకు పట్టుదల వచ్చి, దొరికినంత మేరకు గ్రీకు కథల అనువాదాలు చదువుతూ వచ్చాను. మొట్టమొదట తెలిసింది ఏమిటంటే, గ్రీకు కథలో మిడతే లేదు. అక్కడ ఉన్నది తెత్తిక్స్ అనే పురుగు. వేసవి మధ్యాహ్నాల్లో చెట్టు కొమ్మను కరుచుకొని చెవులు గింగురుమనేలా అరుస్తుంది, మనం కీచురాయి అనే రకం. ఆ పురుగు అంతగా కనిపించని చలి దేశాల వాళ్లు కథను తమ భాషల్లోకి తెచ్చుకున్నప్పుడు దాన్ని మిడతగా మార్చారు. ఇంగ్లీషు నుంచి మనకు మిడతే వచ్చింది. ఇది చిన్న తేడా కాదు. మిడత అంటే మనకు పంట తినేది, దండుగా వచ్చేది. గ్రీకులకు ఆ కీచురాయి అంటే ఎంతో గౌరవం. పూర్వం ఏథెన్సు పెద్దమనుషులు బంగారంతో చేసిన కీచురాయి పిన్నులను జుట్టు ముడిలో పెట్టుకునేవారని గ్రీకు చరిత్రకారుడు థుసిడిడీస్ రాశాడు. ప్లేటో రాసిన ‘ఫీడ్రస్’ అనే సంభాషణ గ్రంథంలో సోక్రటీస్ ఇంకా గొప్ప సంగతి చెబుతాడు: ఈ కీచురాళ్లు ఒకప్పుడు మనుషులేనట. కళాదేవతలు పుట్టి లోకంలోకి పాట వచ్చినప్పుడు, ఆ ఆనందంలో అన్నం నీళ్లు మరిచిపోయి, పాడుతూ పాడుతూ తెలియకుండానే చనిపోయారట. వాళ్ల నుంచి పుట్టిన ఈ పురుగులకు తిండి అవసరం లేకుండా దేవతలు వరమిచ్చారట. ఏ మనిషి ఏ కళను గౌరవించాడో వెళ్లి దేవతలకు చెప్పడం వీటి పని.

చీమ సంగతి వినండి. ఈసప్ పేరు మీదే ఇంకో కథ ఉంది, మన పిల్లల పుస్తకాల్లో నాకెక్కడా కనబడలేదు. చీమ పూర్వం ఒక రైతు. తన పంట చాలక పక్కవాళ్ల చేలల్లో గింజలు దొంగిలించేవాడు. జ్యూస్ దేవుడికి ఆ దురాశ చూసి కోపం వచ్చి వాణ్ణి చీమగా మార్చాడు. రూపం మారింది గాని బుద్ధి మారలేదు. ఇప్పటికీ పరుల పొలాల వెంట తిరుగుతూ గోధుమ, యవలు ఏరి తన పుట్టలో దాచుకుంటూనే ఉంది. అదే చీమ, అదే గింజ, అదే దాచుకోవడం. ఒక కథలో ఆదర్శం, ఇంకో కథలో దొంగతనం. ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టి చెప్పి చూడండి, పదేళ్ల పిల్లలు గంటసేపు వాదించుకుంటారు. నేను ప్రతి ఏడాదీ చూస్తున్నాను.

అయితే ఆ నీతి వాక్యాలు ఎక్కడి నుంచి వచ్చాయి? ‘ఈ కథ తెలిపేది ఏమనగా’ అని మొదలయ్యే తోక గ్రీకు రాతప్రతుల్లోనూ ఉంది, కాదనను. కాని ఒకే కథకు ఒక ప్రతిలో ఒక తోక, ఇంకో ప్రతిలో ఇంకో తోక కనిపిస్తాయి. కథను పోగుచేసినవాళ్లు, నకలు రాసినవాళ్లు తమకు తోచింది తగిలించారు. ఈసప్ స్వయంగా రాసిన ముక్క ఒక్కటీ లేదు. క్రీ.పూ. 5వ శతాబ్దంలో హెరొడోటస్ అనే గ్రీకు చరిత్రకారుడు ఆయన గురించి చెప్పింది కూడా కొంచెమే: సామోస్ ద్వీపంలో ఇయాద్మోన్ అనే ఆయన దగ్గర బానిస. డెల్ఫీ అనే గ్రీకు పుణ్యక్షేత్రం వాళ్లు పోయిన ఆయన ప్రాణానికి పరిహారం తీసుకొమ్మని మళ్లీ మళ్లీ చాటితే, చివరికి ఆ యజమాని మనవడు వచ్చి తీసుకున్నాడు. నాకిది చదివినప్పుడు మనసు కలుక్కుమంది. చచ్చిపోయాక కూడా ఆయన ప్రాణం వెల ఆయన వాళ్లెవరికీ అందలేదు.

అలాంటి మనిషి ‘బుద్ధిగా పనిచేసుకోండి పిల్లలూ’ అని చెప్పడానికి కథలు అల్లాడంటే నేను నమ్మను. క్రీ.శ. 1వ శతాబ్దంలో ఈ కథలను లాటిన్ పద్యాల్లోకి తెచ్చిన ఫీడ్రస్ అనే కవి (ప్లేటో పుస్తకం పేరులోని ఫీడ్రస్ వేరు) ఒకప్పుడు బానిసే. బానిస తన మనసులో మాట పైకి అనలేడు కాబట్టి దాన్ని కల్పిత కథలో దాచి చెప్పాడని, ఈ కథలు పుట్టింది అందుకేనని ఆయనే రాశాడు. నాకు ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు. మన పంచతంత్రం వేరు. అక్కడ విష్ణుశర్మ అనే పండితుడు రాజుగారి కొడుకులకు రాజనీతి చెబుతున్నాడు. పైనుంచి చెప్పే కథ వేరు, కిందనుంచి చెప్పే కథ వేరు. కుందేలు తాబేలు పందెం పంచతంత్రంలోది అనుకునే పెద్దవాళ్లు ఎంతమందో! ‘అందని ద్రాక్ష పుల్లన’ అచ్చ తెలుగు సామెత అనుకుంటారు, అదీ ఈసప్ నక్క మాటే. నిజానికి ఆ నక్క ‘అవి ఇంకా కాయలే, పండలేదు’ అంటుంది. కాయకూ పండుకూ వేరు వేరు మాటలున్న మన భాషలో ఆ మాట ఎంత చక్కగా ఒదుగుతుందో చూడండి. ‘నాన్నా పులి’ కూడా అక్కడిదే. తోడేలు మన దగ్గర పులి అయింది, ఊరివాళ్లందరూ కలిసి ఒక్క నాన్న అయ్యారు. ఇదంతా పిల్లలకు చెబితే ఎంత సంతోషిస్తారో! మనం చెప్పం. అబద్ధమాడరాదు, రెండు మార్కులు.

అసలు ఈ కథలు పెద్దవాళ్ల మధ్య, పెద్ద వ్యవహారాల్లో చెప్పుకున్నవి. క్రీ.పూ. 700 ప్రాంతంలోనే హెసియడ్ అనే గ్రీకు కవి రాజులను ఉద్దేశించి డేగ, బుల్‌బుల్ వంటి పాటపిట్ట కథ చెప్పాడు. డేగ గోళ్లలో ఇరుక్కున్న పిట్ట ఏడుస్తుంటే, ‘ఎందుకే అరుస్తావు? నీకంటే బలవంతుడి చేతిలో ఉన్నావు. ఎంత పాటగత్తెవైనా నేను తీసుకుపోయిన చోటికి రావలసిందే. తింటానో వదులుతానో నా ఇష్టం’ అంటుంది డేగ. ఆయన తన మాటగా కథ కింద నీతి రాయలేదు. రాజులకు అర్థమవుతుందని వదిలేశాడు. అరిస్టాటిల్ తన ‘రెటొరిక్’ అనే వక్తృత్వ గ్రంథంలో ఈసప్ సామోస్ సభలో చెప్పిన కథ ఒకటి ఇచ్చాడు. ఒక నాయకుడికి మరణశిక్ష పడే విచారణ అది. గుంటలో ఇరుక్కున్న నక్కకు ఒళ్లంతా పిడుదులు పట్టాయి. ముళ్లున్న చిన్న జంతువు ఒకటి జాలిపడి తీసేస్తానంటే నక్క వద్దంది. ‘ఇవి నా రక్తం తాగి కడుపు నిండి ఉన్నాయి. వీటిని తీస్తే ఆకలితో ఉన్నవి వచ్చి మిగిలిన రక్తం కూడా తాగేస్తాయి’ అని. ఈ నాయకుడు ఇప్పటికే ధనవంతుడయ్యాడు, ఇతన్ని చంపితే లేనివాళ్లు వచ్చి మీ ఖజానా ఖాళీ చేస్తారు అన్నాడట ఈసప్. దీని కింద ఏ నీతి అచ్చువేస్తారు? ఓటు వేసే ప్రతివాళ్లూ కూర్చొని ఆలోచించవలసిన కథ ఇది. ఒప్పుకుంటారో, కోపం తెచ్చుకుంటారో వాళ్ల ఇష్టం.

సోక్రటీస్ విషం తాగే ముందు జైలులో కాలం గడిపింది కూడా ఈ కథలతోనే. తనకు కథలు కల్పించడం రాదని, నోటికి వచ్చిన ఈసప్ కథలనే పద్యాలుగా కట్టాడని ప్లేటో రాశాడు. డెబ్భై ఏళ్ల మనిషి, అంత జ్ఞాని, చావు ముందు చేసిన పని అది. వీటిని పసిపిల్లల కాలక్షేపం అని ఎవరైనా అంటే నేను ఊరుకోను. ఫోనుల్లో రంగురంగుల బొమ్మలతో చూపించే వీడియోలు ఇంకా ఘోరం. చివర్లో మిడత క్షమాపణ చెబుతుంది, చీమ అన్నం పెడుతుంది, అందరూ కలిసి గంతులు వేస్తారు. గ్రీకు కథలో చీమలు నవ్వి, ‘వేసవిలో పాడావుగా, ఇప్పుడు ఆడు’ అంటాయి. అక్కడితో కథ అయిపోతుంది. ఆ నవ్వు వినబడాలి పిల్లలకు. దాన్ని మూసేస్తే ఆ అమ్మాయి వేసిన ప్రశ్న ఏ పిల్లకూ పుట్టదు.

మీ బాబుకు తోడేలు, గొర్రెపిల్ల కథతో మొదలుపెట్టండి. పుస్తకం ఏదైనా పరవాలేదు, నీతి ఉన్న చోట కాగితం మడిచి పట్టుకోండి. వాగులో పైన నిలబడిన తోడేలు, నీళ్లు మురికి చేస్తున్నావని కింద ఉన్న పిల్లను గద్దిస్తుంది. కింది నీళ్లు పైకి ఎలా వస్తాయి అంటుంది పిల్ల. నిరుడు మా నాన్నను తిట్టావు అంటుంది తోడేలు. అప్పటికి నేను పుట్టనేలేదు అంటుంది పిల్ల. ప్రతి జవాబూ సరైనదే, అయినా తోడేలు దాన్ని తింటుంది. అక్కడ ఆపేయండి. బాబు వెంటనే ఏమీ అడగకపోవచ్చు. మా తరగతిలో ఈ కథ అయ్యాక చాలాసేపు ఎవరూ మాట్లాడరు, నేనూ మాట్లాడను. కిటికీ పక్కన కూర్చునే పిల్లలు బయటికి చూస్తూ ఉంటారు. ఆ కాసేపూ దయచేసి మీరు నోరు తెరవకండి, వాడు ఏదో ఒకటి అడిగేదాకా.