ఖాతా మూసేసింది మనిషా, మెషీనా?

ప్రశ్న: మూడేళ్లుగా ఇంటి నుంచే ఒక ఆన్‌లైన్ ప్లాట్‌ఫామ్‌కి పని చేస్తున్నాను. ఏఐ ఇచ్చే జవాబులు చదివి తప్పొప్పులు గుర్తించాలి, టాస్కుకి ఇంత అని డబ్బిస్తారు. పోయిన నెల ఒక పొద్దున లాగిన్ అవబోతే 'నిబంధనలు ఉల్లంఘించినందున మీ ఖాతా శాశ్వతంగా మూసివేశాం' అని వచ్చింది. ఏ నిబంధనో చెప్పలేదు. సపోర్ట్‌కి రాస్తే అదే వాక్యం మళ్లీ పంపారు. 19 రోజుల పని డబ్బు ఆగిపోయింది. నేను ఉద్యోగిని కాదనీ, స్వతంత్ర కాంట్రాక్టర్‌ననీ, గొడవ వస్తే విదేశంలో ఆర్బిట్రేషన్‌కి (కోర్టుకి బదులు మధ్యవర్తి తీర్పుకి) వెళ్లాలనీ ఒప్పందంలో ఉంది. నాకు ఏమైనా హక్కులున్నాయా?

జవాబు: ముందు డబ్బు సంగతి చూద్దాం, ఎందుకంటే అది తేలిక. మీరు ఉద్యోగి అయినా కాకపోయినా, చేసిన పనికి ఒప్పుకున్న సొమ్ము ఇవ్వాల్సిందే. ఖాతా మూసేయడం వేరు, బాకీ ఎగ్గొట్టడం వేరు. ఉల్లంఘన జరిగితే డబ్బు ఆపుకోవచ్చని ఒప్పందంలో ఉందనుకుందాం. అప్పుడు కూడా ఆ ఉల్లంఘన ఏమిటో చెప్పాల్సింది వాళ్లే. తేదీలు, టాస్కుల సంఖ్య, రావాల్సిన మొత్తం రాసి, గడువు పెట్టి మెయిల్ పంపండి. 'ఇంతటితో లెక్క తేలిపోయింది' అనే కాగితం మీద మాత్రం తొందరపడి సంతకం చేయకండి.

ఇక 'కాంట్రాక్టర్' అనే మాట. చాలామంది ఈ ఒక్క మాట చూసే ఆశ వదులుకుంటారు. కానీ కోర్టులు చాలాకాలంగా చూస్తున్నది కాగితం మీది పేరును కాదు, పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయో. 1956లోనే భారత సుప్రీంకోర్టు సౌరాష్ట్ర ఉప్పు మడుల్లో పనిచేసే అగరియాల కేసులో ఈ ప్రశ్న తేల్చింది. వాళ్లకు పనివేళలు లేవు, పండించిన ఉప్పును బట్టి కూలి, కావాలంటే సొంత ఖర్చుతో వేరే మనుషుల్ని పెట్టుకోవచ్చు. అయినా వాళ్లు కార్మికులేనన్న నిర్ణయాన్ని కోర్టు నిలబెట్టింది. యాప్‌లు వచ్చాక ప్రశ్న కొత్తదైందని అంటుంటారు గానీ, నాకైతే ఉప్పు మడికీ మీ ల్యాప్‌టాప్‌కీ అంత దూరం కనిపించదు.

2021 ఫిబ్రవరిలో బ్రిటన్ సుప్రీంకోర్టు ఉబర్ డ్రైవర్ల విషయంలో ఇదే దారిలో వెళ్లింది. రేటు నిర్ణయించేది ఎవరు, షరతులు రాసేది ఎవరు, రైడ్లు వద్దంటే ఏమవుతుంది, రేటింగ్ తగ్గితే ఏమవుతుంది అని చూసి, వాళ్లు 'వర్కర్లు' అని చెప్పింది. అలాగని ఇల్లు అలకగానే పండగ కాదు. అదే కోర్టు 2023 నవంబరులో డెలివరూ అనే ఫుడ్ డెలివరీ యాప్ రైడర్లకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. తమ బదులు ఇంకొకరిని పంపే స్వేచ్ఛ వాళ్లకు దాదాపు హద్దు లేకుండా ఉండటమే అక్కడ దెబ్బ కొట్టింది.

మీరు పంపిన స్క్రీన్‌షాట్లలో ఒకటి బాగా పనికొస్తుంది. టాస్కు పక్కన ఎనిమిది నిమిషాల టైమర్ నడుస్తోంది. కింద ఎర్ర అక్షరాల్లో 'మీ నాణ్యత స్కోరు 91. 90 కంటే తగ్గితే టాస్కులు నిలిపివేస్తాం' అని ఉంది. ఎంతసేపట్లో చేయాలో, ఎలా చేయాలో, చేయకపోతే ఏం జరుగుతుందో అన్నీ వాళ్లే చెబుతుంటే మీకు మిగిలిన స్వతంత్రం ఎంత? ఇలాంటివి ఇంకా ఉంటే ఇవాళే దాచండి: శిక్షణ పత్రాలు, హెచ్చరిక మెయిళ్లు, చెల్లింపుల జాబితా, గ్రూపు చాట్లు. ఖాతా తర్వాత మెయిల్ యాక్సెస్ కూడా పోయిన కేసులు నేను చూశాను. క్లయింట్ల రహస్య డేటా మాత్రం కాపీ చేయకండి, అది మీ మీదికే వస్తుంది.

మీరు ఏ దేశం నుంచి పని చేస్తున్నారో, ప్లాట్‌ఫామ్ ఏ దేశానిదో రాయలేదు. అసలు కీలకం అక్కడే ఉంది. ప్లాట్‌ఫామ్ యూరోపియన్ యూనియన్‌లో నెలకొన్నదైతే, మీరు ఎక్కడున్నా 2018 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ (అక్కడి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం) మీకు ఉపయోగపడొచ్చు. మీ గురించి వాళ్ల దగ్గరున్న సమాచారం అడగవచ్చు, మామూలుగా నెలలోపు జవాబివ్వాలి. జీవనం మీద దెబ్బపడే నిర్ణయాన్ని కేవలం మెషీన్‌కి వదిలేయడానికి అక్కడ పరిమితులున్నాయి. 2023 ఏప్రిల్‌లో ఆమ్‌స్టర్‌డామ్ అప్పీలు కోర్టులో ఉబర్ తమ నిర్ణయాల్లో మనుషులున్నారని వాదించింది. ఆ మనుషుల పాత్ర నామమాత్రమేనని కోర్టు తేల్చి, డ్రైవర్లకు వివరణ ఇవ్వాలంది. యూనియన్ సభ్య దేశాల్లో జరిగే ప్లాట్‌ఫామ్ పనికి 2024లో ప్రత్యేక డైరెక్టివ్ (సభ్య దేశాలన్నీ పాటించాల్సిన ఆదేశం) కూడా వచ్చింది. ఖాతా మూసే నిర్ణయం మనిషే తీసుకోవాలన్నది అందులో ఒక నియమం. దాన్ని తమ చట్టాల్లోకి తెచ్చుకోవడానికి ఆ దేశాలకు పెట్టిన గడువు 2026 డిసెంబర్ 2.

భారత్‌లో సామాజిక భద్రతా కోడ్, 2020 గిగ్ వర్కర్లను, ప్లాట్‌ఫామ్ వర్కర్లను పేరు పెట్టి గుర్తించింది. కానీ అది ఇచ్చేది సంక్షేమ పథకాల్లో చోటు, ఉద్యోగి హోదా కాదు. కాబట్టి 'కోడ్ వచ్చింది, ఇక మనల్ని తీసేయలేరు' అని ఎవరైనా చెబితే నమ్మకండి.

విదేశీ ఆర్బిట్రేషన్ షరతు చూసి టెన్షన్ పడాల్సిన పని లేదు. 2020 జూన్‌లో కెనడా సుప్రీంకోర్టు ముందుకు అచ్చం ఇలాంటిదే వచ్చింది. ఫుడ్ డెలివరీ డ్రైవర్ ఒకాయన ఉబర్ మీద కేసు వేస్తే, నెదర్లాండ్స్‌లో ఆర్బిట్రేషన్‌కి వెళ్లాలన్నారు. దానికి ముందుగా కట్టాల్సిన ఫీజు దాదాపు 14,500 అమెరికన్ డాలర్లు, ఇంచుమించు ఆయన ఏడాది సంపాదన. ఆ షరతు చెల్లదని కోర్టు కొట్టేసింది. ప్రతి దేశంలోనూ ఇలాగే అవుతుందని నేను హామీ ఇవ్వలేను గానీ, మీ చేతిలో మంచి వాదన ఉందని మాత్రం చెప్పగలను.

ఇప్పుడు ప్లాట్‌ఫామ్‌కి ఒకే మెయిల్‌లో మూడు అడగండి: ఏ నిబంధన, ఏ టాస్కులో ఉల్లంఘించాను? నిర్ణయం తీసుకున్నది మనిషా, సాఫ్ట్‌వేరా? నా ఫైలును ఒక మనిషి మళ్లీ చూస్తారా? రెండు వారాల్లో జవాబు రాకపోతే, స్థానిక కార్మిక చట్టాలు చూసే లాయర్‌ని కలవండి. కొన్ని చోట్ల ఫిర్యాదు గడువు నెలల్లోనే అయిపోతుంది.

చివర్లో మీరడిగిన ఇంకో ప్రశ్న: ఇంట్లోవాళ్ల పేరు మీద కొత్త ఖాతా తెరవొచ్చా? వద్దండీ. ఇప్పటిదాకా ఉల్లంఘన ఏమిటో చెప్పలేకపోతున్న వాళ్లకి మీరే ఒకటి చేతికిచ్చినట్టవుతుంది.