పది కిలోమీటర్ల రేడియో: మేనకోడలికి మావయ్య ఉత్తరం

అమ్మలూ,

కాలేజీ వాళ్ళ కమ్యూనిటీ రేడియోలో సాయంత్రం గంట నీకు అప్పగించారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. సోమవారం పాటలు, బుధవారం పెరటి తోటలు, శుక్రవారం ఊరి సంగతులు అని వారాన్ని పంచేసి నువ్వు వాట్సాప్‌లో పంపిన చార్టు కూడా చూశాను. రంగులు అవీ వేసి బాగా చేశావు. కానీ ఆ గళ్ళు చెరిపెయ్యమంటాను.

మీ దగ్గర్లో తప్పెటగుళ్ళు (మన వైపు జానపద ఆటపాట) ఆడే గురువు ఎవరో ఒకరు ఉంటారు. ఆయన ఆట జాతరలప్పుడే. మిగతా రోజుల్లో గొర్రెలు, పొలం, పెరట్లో ఆనపపాదు. వీధి కాలువ పొంగితే అందరిలాగే ఆయనా సచివాలయం చుట్టూ తిరుగుతాడు. అలాంటి మనిషిని 'జానపద కళాకారుడు' అని పిలిచి, రెండు పాటలు పాడించి, శాలువా కప్పి పంపేస్తే శ్రోతకి దొరికింది పావు మనిషి. ఆయన్ని గంటసేపు మాట్లాడనియ్యి. పాటలోంచి పాదులోకి, పాదులోంచి కాలువలోకి మాట దానంతటదే వెళుతుంది. నువ్వు చెయ్యాల్సింది అడ్డు పడకపోవడమే. ఎడిటింగ్‌లో కత్తిరించుకునేది ఎలాగూ ఉంది.

నీ స్టేషన్ వంద వాట్లది. మంచిగా వినబడితే పది కిలోమీటర్లు. దేశం మొత్తానికి పనికొచ్చే సంగతులు చెప్పడానికి యూట్యూబ్ ఉంది, దానితో పోటీ పెట్టుకోకు. 'మొక్కలకు నీరు ఎంతో అవసరం' లాంటి వాక్యం స్క్రిప్టులో కనబడితే కొట్టెయ్. 'చెరువుగట్టు వైపు నేల చవుడు కదా, అక్కడ వంగ ఎలా పండించారమ్మా?' అని అడిగితే ఆ వీధిలో వాళ్ళు పని ఆపి మరీ వింటారు.

ఇక పాట. తప్పెటగుళ్ళు రికార్డు చేయడం చూసినంత తేలిక కాదు. గుండెల మీద కట్టుకున్న రేకు వాయిద్యం నోటికి జానెడు దూరంలో ఉంటుంది, కాళ్ళకి గజ్జెలు. మైకు దగ్గర పెడితే పాట మునిగిపోయి మోత ఒక్కటే మిగులుతుంది. నాలుగు అడుగులు వెనక్కి, తల ఎత్తున, స్టాండు మీద పెట్టు. నేల మీద మాత్రం పెట్టకు, గజ్జెలూ దుమ్మూ తప్ప ఏం రాదు. ముందు బాగా జోరుగా ఉండే ముక్క ఒకటి ఆడమని, దాన్ని బట్టి లెవెల్ పెట్టుకుని, అప్పుడు మొదటినుంచి మొదలెట్టమను. ఆట అయ్యాక వాళ్ళు చెమట తుడుచుకుని, మంచినీళ్ళు తాగి కూర్చుంటారు చూడు, అసలు రికార్డింగు అప్పుడు. వాయిద్యం లేకుండా అదే పాట నెమ్మదిగా చెప్పించు. మాటలు తెలిసేది అందులోనే. ప్రసారంలో ముందు ఈ నెమ్మది పాట వేసి, తరవాత ఆట వెయ్యి.

జముకు అనే తీగ వాయిద్యం వాయిస్తూ చెప్పే జముకుల కథ దీనికి పూర్తిగా వేరు. జముకు తీగ బిగిస్తే ఒక స్వరం, వదిలితే ఒక స్వరం. ఆ జారుడే దాని అందం. గదిలో కూర్చోబెట్టి, కిటికీలకి దుప్పట్లు కట్టి, మైకు దగ్గరగా పెట్టి రికార్డు చెయ్యి. ఫ్యాన్ ఆపమనడానికి మొహమాటపడకు. పక్క గదిలో ఫ్రిజ్ ఉంటే అదీ ఆపించు, వచ్చేటప్పుడు మళ్ళీ ఆన్ చెయ్యడం మర్చిపోకు. పాలు విరిగితే ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళలేవు.

విజయనగరంలో ఉంటూ శాస్త్రీయ సంగీతం వెయ్యవా అని అడిగేవాళ్ళు వస్తారు. అడగాలి కూడా. 1919లో సంగీత కళాశాల పెట్టి, హరికథల ఆదిభట్ల నారాయణదాసు గారిని ప్రిన్సిపాల్‌ని చేసిన ఊరు ఇది. ఆయన తరవాత ఆ కుర్చీలో వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు కూర్చున్నారు. అయితే పెద్ద పెద్ద కచేరీలు ఎక్కడైనా దొరుకుతాయి. నువ్వు వయొలిన్ నేర్చుకుంటున్న పదేళ్ళ పిల్ల సాధకం వినిపించు. అపస్వరం, టీచరు సరిదిద్దడం, మళ్ళీ వాయించడం, అన్నీ ఉంచు. ఆ పక్కనే జముకు వెయ్యి. ఎవరో ఒకరు కోప్పడి ఫోన్ చేస్తారు, ఆ ఫోన్ కూడా కార్యక్రమమే.

కళాకారులకి ఆటో ఖర్చులైనా చేతిలో పెట్టకుండా పంపకు. రికార్డింగు కాపీ పెన్‌డ్రైవ్‌లో ఇవ్వు, ప్రసారానికి ఒప్పుకున్నట్టు సంతకం తీసుకో. సినిమా పాటల జోలికి వెళ్ళకపోతే హక్కుల రుసుముల టెన్షన్ కూడా ఉండదు.

తోటల సంగతి. రేడియోలో ఆకు చూపించలేవు కాబట్టి చేతికి తగిలేలా చెప్పాలి. 'కొమ్మ మొదట్లో తెల్లగా పిండి అద్దినట్టు ఉంటుంది, వేలితో రాస్తే జిగురుగా అంటుకుంటుంది' అంటే పిండినల్లి అని ఎవరైనా పోల్చుకుంటారు. కొలతలు రెండుసార్లు చెప్పు. లీటరు నీళ్ళకి వేపనూనె ఐదు మిల్లీలీటర్లు, కలవడానికి కాస్త సబ్బునీళ్ళు, కొట్టేది సాయంత్రం పూట. ఇది ఒకసారి చెప్పి, రెండు మాటలు మాట్లాడి, మళ్ళీ చెప్పు. వినేవాళ్ళు పెన్ను వెతుక్కునే టైము అది.

నీకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఏమిటో ఇప్పుడే చెప్పెయ్యగలను: 'పూలు విపరీతంగా వస్తున్నాయి, కాయ నిలవట్లేదండీ.' ఆనప, బీర పాదుల్లో మొదట వచ్చేవన్నీ మగపూలే, కంగారు పడక్కర్లేదు. ఆడపువ్వుకి కింద వేలెడు పిందె ఉంటుంది, మగపువ్వుకి ఉత్త కాడే. ఈగలూ తేనెటీగలూ రాని మేడ మీద తోటల్లో మగపువ్వు కోసి, రేకులు తీసేసి, లోపలి పుప్పొడి ఆడపువ్వు మధ్యలో మనమే అద్దాలి. ఇక్కడే నీ గంటకి ఒక అదృష్టం ఉంది. ఆనప, బీర పూలు విచ్చేది సాయంత్రం. నీ కార్యక్రమం వింటూనే పెరట్లోకి వెళ్ళి ఆ పని చెయ్యొచ్చు. 'రేడియో అరుగు మీద పెట్టి, టార్చి పట్టుకుని వెళ్ళండి, నేను ఇక్కడే ఉంటాను' అని చెప్పి రెండు నిమిషాలు పాట వెయ్యి. గుమ్మడి, కాకర పొద్దున్నే విచ్చుకుంటాయి. వాటి గురించి చెప్పేది ఉంటే పొద్దుటి పూట వాళ్ళని బతిమాలి ఐదు నిమిషాలు తీసుకో.

ఏ వారం ఏం చెప్పాలో క్యాలెండర్ చూసి కాదు, కార్తెలు చూసి రాసుకో. మన పెద్దవాళ్ళు ఇప్పటికీ మృగశిర వచ్చిందా లేదా అనే అడుగుతారు. వ్యవసాయ శాస్త్రవేత్తని పిలిస్తే పక్కన సొంతంగా పెరడు చేసే ఒకావిడని కూర్చోబెట్టు. ఆయన మరీ పుస్తకంలోకి వెళ్ళిపోతే ఆవిడే ఆపుతుంది.

ఊరి వ్యవహారాల దగ్గర జాగ్రత్త కావాలి, భయం అక్కర్లేదు. సొంతంగా వార్తలు చదవడానికి మనకి అనుమతి లేదు. ఆకాశవాణి వార్తలు ఉన్నవి ఉన్నట్టు వినిపించొచ్చు, అంతే. కానీ కుళాయి టైము, కరెంటు కోత, రోడ్డు మళ్ళింపు, వాతావరణం, పరీక్షలు, పండగలు, ఆరోగ్య హెచ్చరికలు వార్తల లెక్కలోకి రావు. ఊరికి కావలసింది చాలావరకు ఇదే. పార్టీల పేరెత్తకు. ఎత్తిన వాళ్ళ ముక్క కత్తిరించు, అవతలి పార్టీ వాళ్ళదైనా సరే. ప్రసారం చేసినదంతా మూడు నెలలు దాచాలని నిబంధన. నువ్వు మాత్రం ఎప్పటికీ దాచు, తేదీ, ఊరు, పేరు రాసి మరీ.

ఆ దాచినదే నీ బలం. అధికారితో మాట్లాడినప్పుడు వాదన పెట్టుకోకు. మర్యాదగా ఒక్కటే అడుగు: 'ఎప్పటికల్లా అవుతుంది సార్?' ఆయన 'వచ్చే నెల పదిహేనుకల్లా' అంటారు. డైరీలో రాసుకో. పదహారో తారీకున ఆయనకే ఫోన్ చేసి, 'ఈ రోజు మీ మాట మళ్ళీ వినిపిస్తున్నామండీ, ఏమైనా చేర్చమంటారా?' అని అడుగు. కాలువ బాగై ఉంటే అదీ వినిపించు, మెచ్చుకో. కాకపోతే ఆయన గొంతు ఒక్కటి వేసి ఊరుకో. వ్యాఖ్యానం అక్కర్లేదు.

కాలువకి ఎంత ఖర్చు పెట్టారన్నది కావాలంటే సమాచార హక్కు దరఖాస్తు ఎలా రాయాలో ప్రసారంలో చెప్పు. గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండలంలో ఐదు రూపాయలు, ఆపైన పది. జవాబుకి ముప్పై రోజుల గడువు. చదువు రాని వాళ్ళు పక్కింటి పిల్లల చేత రాయించుకునేలా నిదానంగా చెప్పాలి.

సర్పంచ్ మహిళ అయితే మైకు ఆవిడ ముందే పెట్టు. పక్కనుంచి ఆవిడ భర్త జవాబు అందుకోవడం మామూలే. అందుకని వెళ్ళేటప్పుడు తోడుకి ఒక కుర్రాణ్ణి తీసుకెళ్ళి, ఆయనకి బయట టీ ఇప్పించి కబుర్లలో పెట్టమను.

ఇంకోటి, ఇది మాత్రం వాయిదా వెయ్యకు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మన వైపు కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి. 2018 అక్టోబర్‌లో తిత్లీకి పలాస వైపు అదే పరిస్థితి. అలాంటప్పుడు జనానికి కావలసింది పెద్ద మాటలు కాదు. ఏ దారి తెరిచారు, ట్యాంకరు ఎక్కడ ఆగింది, పాలు ఎవరు పోస్తున్నారు, ఏ మందుల షాపు తీశారు. అందుకు సెప్టెంబర్‌లోనే సిద్ధంగా ఉండాలి. జనరేటర్‌కి డీజిల్ ఎవరిస్తారు, ఫోన్ లేకపోతే ఏ వీధి నుంచి కబురు ఎవరు సైకిల్ మీద తెస్తారు, యాంటెన్నా పడితే ఎక్కేది ఎవరు అన్నది రాసి గోడకి అంటించు. విన్నది విన్నట్టు చెప్పెయ్యకు. ఇద్దరు చెబితేగాని మైకులోకి రాకూడదు. సెల్లులో రేడియో ఉంది కదా అంటారు, ఛార్జింగ్ అయిపోతే ఏం చేస్తారు? బ్యాటరీ రేడియో ఇంకా ఏ ఇంట్లో ఉందో ఇప్పుడే కనుక్కో.

ఎవరైనా 'మీకెవరిచ్చారు ఈ హక్కు?' అని గదమాయిస్తే, ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పిందని చెప్పు. తీర్పు రాసిన వాళ్ళలో జస్టిస్ జీవన్ రెడ్డి గారు మన తెలుగాయనే. వీలైతే సెలవుల్లో జహీరాబాద్ దగ్గర మాచ్‌నూరు వెళ్ళి సంఘం రేడియో చూసిరా. 2008 అక్టోబర్ 15న మొదలైంది, నడిపేది దళిత మహిళలు. చేలో పనిచేసిన వాళ్ళే వచ్చి మైకు ముందు కూర్చుంటారు.

మొదటి గంటకి అతిథి ఎవరని చార్టులో ప్రశ్నార్థకం పెట్టావు. కలెక్టర్ గారిని పిలుద్దామనుకుంటున్నావని మీ అమ్మ అంది. ఆయన్ని తరవాత పిలవొచ్చు. మీ కాలేజీ గేటు దగ్గర ఆకుకూరలు అమ్మే మామ్మ ఉంది చూడు, ఆవిడ కూరలమ్మినంత హాయిగా పాడుతుంది కూడా. పొద్దున్న బేరం అయ్యాక తీరిక ఉంటుంది, పది దాటాక వెళ్ళు. నా పాత రికార్డరు, గాలి మోత రాకుండా మైకుకి తొడిగే నురగ టోపీ ఇక్కడే ఉన్నాయి. ఆదివారం వచ్చి పట్టుకెళ్ళు. బ్యాటరీలు మాత్రం కొత్తవి కొనుక్కో.

ఇట్లు,
మీ మావయ్య