సర్వరుకు చెక్క పెట్టె: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పాత డెస్క్‌టాప్ భాగాలతో ఇంట్లో చిన్న సర్వర్ పెట్టుకుని, ఫొటోలూ సీసీ కెమెరా రికార్డింగులూ అందులో దాచుకునేవాళ్ళు ఈ మధ్య ఎక్కువయ్యారు. రేకు డబ్బా హాల్లో బాగోదని, వడ్రంగి చేత చెక్క పెట్టె చేయించుకోవాలనుకుంటున్న డెల్టా పాఠకుల ప్రశ్నలు కొన్ని ఈసారి.

ప్ర: పాత మండువా ఇల్లు విప్పినప్పుడు వచ్చిన టేకు ద్వారబంధాలు ఉన్నాయండి. పెరట్లో కొట్టేసిన కొబ్బరి మానూ ఉంది. దేనితో చేయించమంటారు? ఎంత కొలతలో? (అమలాపురం)

జ: టేకుతోనే. ఏళ్ళ తరబడి ఇంట్లో ఆరిన చెక్క కాబట్టి కొత్త కోత కలపలా మెలి తిరగదు. చేవ ఉన్న ముక్కలే ఏరండి. అంచుల్లో తెల్లగా ఉండే భాగానికి పుచ్చు పడుతుంది, చెదా పడుతుంది. మిల్లులో చిత్రిక పట్టించే ముందు ముక్క పొడవునా ఒక అయస్కాంతం నడిపించండి. పాత ద్వారబంధంలో తల విరిగిన మేకులు లోపలే ఉండిపోతాయి, ఒక్కటి తగిలినా మిషను బ్లేడు పోతుంది.

కొబ్బరి మాను చూడ్డానికి అందంగా ఉంటుంది గానీ, మొదలు దగ్గర, అదీ బెరడు పక్క భాగమే గట్టి. నడిమధ్య చెక్క మెత్తన, స్క్రూ పట్టదు. ముందు పలకకు అలంకారంగా వాడుకోండి, బరువు మోసే చోట వద్దు.

టేకు చట్రానికి పోగా పలకలకు ప్లైవుడ్ తీసుకుంటే ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ రకం, 12 మి.మీ. చాలు, డిస్కుల కింద మాత్రం 18. మామూలు కమర్షియల్ ప్లై మన వానాకాలంలో పొరలుగా విడిపోతుంది. ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో నొక్కి చేసే పలక) ఊసే వద్దు, చెమ్మకు రొట్టెలా ఉబ్బుతుంది.

మినీ ఐటీఎక్స్ అనే చిన్న రకం మదర్‌బోర్డు (170 × 170 మి.మీ.), మామూలు ఏటీఎక్స్ పవర్ సప్లై (150 × 86 × 140), నాలుగు 3.5 అంగుళాల డిస్కులు పట్టాలంటే లోపలి కొలత 330 వెడల్పు, 260 లోతు, 275 ఎత్తు పెట్టించండి. కింది అరలో ఒక పక్క పవర్ సప్లై, రెండో పక్క నిలబెట్టిన డిస్కులు. ఒక్కో డిస్కు మందం 26 మి.మీ., మధ్య సందు 15 వదిలితే నాలుగింటికీ 149 మి.మీ. పడుతుంది. పై అరలో బోర్డు, దాని పక్కన వెనక గోడకు 120 మి.మీ. ఫ్యాను. పవర్ సప్లై ఫ్యాను నేల వైపుకు తిప్పి, అడుగు పలకకు దానికి సరిపడా కంత కోసి, కింద కనీసం 25 మి.మీ. ఎత్తు రబ్బరు కాళ్ళు పెట్టండి. పలకలన్నీ కలిపి ఏడు చదరపు అడుగులు దాటవు. ఎక్కడైనా పని జరుగుతుంటే మిగిలిన ముక్కలతోనే అయిపోతుంది.

అసలు చిక్కు కొలతల భాషలో వస్తుంది. వడ్రంగి అంగుళాలు, నూళ్ళలో ఆలోచిస్తాడు. ఒక నూలంటే మూడు మి.మీ. పైచిలుకు. బోర్డు దగ్గర ఒక్క మి.మీ. తేడా వస్తేనే స్క్రూ దిగదు. పైగా మినీ ఐటీఎక్స్ నాలుగు బెజ్జాలూ సరైన చదరం కావు, ఒకటి పక్కకు జరిగి ఉంటుంది. అందుకని కొలతలు చెప్పకండి. బోర్డునే అల్యూమినియం రేకు మీద పెట్టి, బెజ్జాల్లోంచి సన్నటి మార్కరుతో చుక్కలు పెట్టి ఇవ్వండి.

వెనక పోర్టుల దగ్గరా అంతే. బోర్డుతో వచ్చే ఐఓ షీల్డుకు (పోర్టుల చుట్టూ కప్పే పలచటి రేకు) కావలసిన కంత 158.75 × 44.45 మి.మీ. అయితే ఆ షీల్డు కొక్కేలు మిల్లీమీటరు పైచిలుకు మందం రేకునే పట్టుకుంటాయి, 12 మి.మీ. చెక్కను కాదు. చెక్కలో కోస్తే కేబుల్ తల కూడా పోర్టు దాకా చేరదు. చెక్కలో కంత నాలుగు పక్కలా ఒక సెంటీమీటరు పెద్దది కోసి, దాని లోపలి వైపు 1.2 మి.మీ. అల్యూమినియం రేకు బిగించి, అసలు కంత ఆ రేకులో కోయించండి.

ప్ర: రొయ్యల చెరువు కెమెరాల రికార్డింగు కోసం సర్వర్ పెట్టామండి. రేకు డబ్బా తీసేసి చెక్క పెట్టెలోకి మార్చాక, వెనక పోర్టులు తాకితే జిల్లుమంటోంది. చెక్కలో కరెంటు పారదంటారు కదా? (భీమవరం)

జ: కరెంటు చెక్కలోంచి రావట్లేదు, మీ సాకెట్టులో ఎర్త్ లేకపోవడం వల్ల వస్తోంది. పవర్ సప్లై లోపల విద్యుత్ రణగొణ (నాయిస్) తగ్గించడానికి ఫేజుకూ ఎర్తుకూ మధ్య, న్యూట్రలుకూ ఎర్తుకూ మధ్య చిన్న కెపాసిటర్లు ఉంటాయి. మూడో పిన్నుకు ఎర్త్ అందితే వాటిలోంచి వచ్చే కాస్త కరెంటు నేలలోకి పోతుంది. అందకపోతే లోహపు భాగాలన్నీ సుమారు 115 వోల్టుల దగ్గర తేలుతూ ఉంటాయి. మిల్లీఆంపులో భాగమే కాబట్టి జిల్లుమని వదిలేస్తుంది. కాకపోతే రేపు పవర్ సప్లై లోపల నిజంగానే షార్టయితే ఆ మెటలంతా 230 వోల్టులు. తడి కాళ్ళతో చెరువు గట్టు షెడ్డులో అది ప్రాణం మీదకు వస్తుంది.

రేకు డబ్బా ఉన్నప్పుడు కూడా ఇదే జరిగి ఉంటుంది, పెయింటు పూత అడ్డుపడి తెలిసి ఉండదు.

ముందు ఎలక్ట్రీషియన్ చేత సాకెట్టు చూపించండి. ఫేజుకూ ఎర్త్ పిన్నుకూ మధ్య బల్బు పెడితే నిండుగా వెలగాలి. ఉత్త మీటరు రీడింగును నమ్మకండి, సగం తెగిన ఎర్త్ వైరు కూడా మీటరుకు మంచి వోల్టేజీ చూపిస్తుంది, బల్బుకు మాత్రం కరెంటు ఇవ్వలేదు. లైన్లో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్చి) ఉంటే ఈ పరీక్షకు అది పడిపోతుంది, అది మంచి లక్షణమే. ఎర్త్ లేదని తేలితే బొగ్గు, ఉప్పు వేసి జీఐ పైపుతో ఎర్త్ గొయ్యి తీయించండి. మన నల్లరేగడిలో చెమ్మకు కొదవలేదు కనుక బాగా పనిచేస్తుంది, నడి వేసవిలో మాత్రం అప్పుడప్పుడూ బిందెడు నీళ్ళు పొయ్యాలి. కొందరు సాకెట్టులోనే న్యూట్రల్‌ను ఎర్త్ పిన్నుకు కలిపేసి పని అయిపోయిందంటారు. ఒప్పుకోకండి. వీధిలో న్యూట్రల్ తెగిన రోజున మీ సర్వర్ ఒళ్ళంతా ఫేజే. 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ లేకపోతే ఆ లైనుకు తప్పక పెట్టించండి.

ఇక పెట్టె లోపల. రేకు డబ్బా తనంతట తానే అన్ని లోహాలనూ కలిపి ఉంచేది. చెక్కలో ఆ కలపడం మనం చెయ్యాలి. బోర్డు కింద 200 × 200 మి.మీ. అల్యూమినియం ప్లేటు వేసి, ఇత్తడి స్టాండాఫులు (బోర్డును ఎత్తి పట్టే పొట్టి కాళ్ళు) దానికే బిగించండి. పవర్ సప్లై బిగించే ఒక స్క్రూ కింద రింగు లగ్గు (వైరు చివర బిగించే లోహపు ఉంగరం) పెట్టి, అక్కడినుంచి ఆకుపచ్చ 1 చ.మి.మీ. వైరు ఈ ప్లేటుకూ, వెనక పోర్టుల రేకుకూ, డిస్కులు బిగించిన పట్టీలకూ లాగండి. లగ్గు కూర్చునే చోట పెయింటు గీకేసి, పళ్ళున్న స్టార్ వాషరు వెయ్యండి. పెయింటు మీదే బిగిస్తే చూడ్డానికి ఎర్త్ ఉన్నట్టే ఉంటుంది, పని మాత్రం చెయ్యదు.

ప్ర: పెట్టెకు వెనక ఇరవై బెజ్జాలు, ఒక్కొక్కటి 10 మి.మీ., వేయించాం. అయినా మే నెలలో డిస్కులు 54 డిగ్రీలు చూపించాయి. ఫ్యాను మార్చాలా? (పాలకొల్లు)

జ: ఫ్యాను బాగానే ఉండి ఉంటుంది, బెజ్జాలే చాలవు. లెక్క చూడండి. పది మి.మీ. బెజ్జాలు ఇరవై అంటే మొత్తం 16 చదరపు సెంటీమీటర్లు. 120 మి.మీ. ఫ్యాను కంత (115 మి.మీ. వ్యాసం) 104 చదరపు సెంటీమీటర్లు. అంటే ఆరో వంతు దారి కూడా లేదు. రేకులో బెజ్జం అంచు పలచన, గాలి జారిపోతుంది. 12 మి.మీ. చెక్కలో ప్రతి బెజ్జమూ ఒక చిన్న గొట్టం, అడ్డు ఇంకా ఎక్కువ.

బెజ్జాల గుంపు పక్కన పెట్టి, 115 మి.మీ. గుండ్రటి కంత కోయించి వైరు గ్రిల్లు బిగించండి. ఫ్యాను స్క్రూ బెజ్జాల మధ్య దూరం 105 మి.మీ. ముందు కింద, డిస్కులకు ఎదురుగా ఒక ఫ్యాను గాలి లోపలికి తీసుకోవాలి. వెనక పైన ఇంకొకటి బయటకు తొయ్యాలి. రెండు అరల మధ్య పలక మూసి ఉంటే కింది వేడి కిందే ఆగిపోతుంది, డిస్కుల కనెక్టర్ల వైపు 60 మి.మీ. వెడల్పు చీలిక వదలండి.

ఎంత గాలి కావాలో ఉజ్జాయింపుగా ఇలా లెక్కేయవచ్చు: వాట్లను 1.76తో గుణించి, లోపల ఎన్ని డిగ్రీలు పెరగనిస్తారో దానితో భాగించండి. నిమిషానికి ఘనపుటడుగులు వస్తాయి. నాలుగు డిస్కులు, చిన్న బోర్డు కలిపి 70 వాట్లు, 7 డిగ్రీల పెరుగుదల అనుకుంటే 18. ఫ్యాను డబ్బా మీద 50 అని ఉన్నా, జాలీ, గ్రిల్లు తగిలాక అందులో సగం రావడమే గొప్ప. గది 38 ఉన్న రోజున పెట్టె లోపలి గాలి 45. డిస్కు తన సొంత వేడి వల్ల గాలి కంటే కొన్ని డిగ్రీలు పైనే ఉంటుంది. మే నెలలో 50 లోపు ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. గోడకు వెనక ఒక జానెడు దూరం వదలండి, పెట్టెను షోకేసు అరలోకి మాత్రం తొయ్యకండి.

ప్ర: సముద్రం దగ్గర ఊరు మాది. శ్రావణంలో మూత బిగిసిపోయి తెరుచుకోలేదు, స్క్రూలు తుప్పు పట్టాయి. (నరసాపురం)

జ: చెక్క పొడవు పెద్దగా మారదు, వెడల్పే చెమ్మకు ఉబ్బుతుంది. 300 మి.మీ. వెడల్పు టేకు పలక ఎండాకాలానికీ ముసురుకూ మధ్య రెండు మూడు మి.మీ. పెరగగలదు. పలకను చట్రానికి ఫెవికాల్‌తో అతికించకండి. చట్రంలో గాడి తీసి పలకను వదులుగా కూర్చోబెట్టి, వెడల్పు వైపు రెండు పక్కలా రెండేసి మి.మీ. సందు వదలండి. మూత మే నెలలో చేయిస్తే వదులుగా, వానల్లో చేయిస్తే కాస్త బిగువుగా. పాలిష్ లోపలి వైపూ వెయ్యాలి. ఒక పక్కే వేస్తే పలక అప్పడంలా వంగుతుంది. పాలిష్ వాసన పూర్తిగా పోయేదాకా, కనీసం వారం రోజులు, భాగాలు లోపల పెట్టకండి.

స్క్రూలు 304 స్టెయిన్‌లెస్ రకం వాడండి. సందులు మూయడానికి పులుపు వాసన వచ్చే సిలికోన్ వాడకండి, ఆరేటప్పుడు అది వదిలే ఆమ్లానికి రాగి చిలుము పడుతుంది. వానాకాలంలో సర్వర్ ఆపకపోవడమే మంచిది. నడుస్తున్నంతసేపూ లోపల వెచ్చగా ఉండి చెమ్మ చేరదు. వారాల తరబడి ఆపితే, మళ్ళీ ఆన్ చేసే ముందు మూత తీసి ఒక పూట టేబుల్ ఫ్యాను గాలి తగలనివ్వండి.

ప్ర: రాత్రిపూట గుయ్‌మని రొద. రేకు డబ్బాలో ఇంత లేదు. (రాజోలు)

జ: డిస్కులను పలచటి పలకకే బిగించి ఉంటారు. పలచటి చెక్క బోలు పెట్టె అంటే దాదాపు వీణ కుండే. బొబ్బిలి వీణకు ఆ మోత కావాలి, మీకు వద్దు. డిస్కు స్క్రూ దగ్గర రబ్బరు గ్రొమెట్ (అదురు ఆపే రబ్బరు రింగు) వేసి, స్క్రూను రబ్బరు నలిగిపోయేంత బిగించకండి. డిస్కుల కింద పలక 18 మి.మీ. ఉండాలి. ఫ్యానుకూ చెక్కకూ మధ్య సైకిలు ట్యూబు ముక్క వాషరులా కోసి పెట్టినా చాలు.

ప్ర: పవర్ బటన్‌కు ఏం వాడాలి? (తణుకు)

జ: కాలింగ్ బెల్లు స్విచ్చి. నొక్కితే కలిసి, వదిలితే విడిపోయేదే కావాలి. బోర్డు మీద పవర్ స్విచ్ అని రాసిన రెండు పిన్నులకు కలపండి, ఎటు కలిపినా ఫరవాలేదు. మామూలు లైటు స్విచ్చి పెడితే నొక్కి పట్టుకున్నట్టే లెక్క, నాలుగు క్షణాల్లో సర్వర్ ఆగిపోతుంది. ఈ పిన్నులకు కరెంటు లైను పొరపాటున కూడా తగలకూడదు.

ప్ర: బల్లులు, చీమలు దూరకుండా ఎలా? మాది లంక ఊరు, గోదారి వస్తే ఇంట్లోకి వస్తుంది. (కొత్తపేట దగ్గర)

జ: లోపలికి గాలి వచ్చే ప్రతి కంతకూ స్టెయిన్‌లెస్ దోమల జాలీ. అది గాలిని అడ్డుకుంటుంది కాబట్టి ఫ్యానుకు అంటించకుండా, ఒక అంగుళం ముందుకు జరిపి, ఫ్యాను కంటే రెట్టింపు వైశాల్యం ఉన్న చట్రానికి బిగించండి. నెలకోసారి బ్రష్షుతో దులపాలి. పవర్ సప్లై అడుగు కంతకు కూడా మరువకండి, బల్లి దూరి చచ్చేది ఎక్కువగా అక్కడే. చీమల కోసం కాళ్ళ కింద నీళ్ళ పళ్ళేలు పెట్టే అలవాటు ఇక్కడ వద్దు, ఆ చెమ్మ నేరుగా అడుగు ఫ్యానులోకి పోతుంది.

వరద సంగతికొస్తే, పెట్టెను 1986 నీటి గుర్తు కంటే పైన గోడ బ్రాకెట్టు మీద పెట్టండి. డిస్కులతో కలిపి పది కిలోల దాకా తూగుతుంది, బ్రాకెట్టు దానికి మూడింతలు మోసేదై ఉండాలి. డిస్కుల పంజరాన్ని రెండు రెక్కల నట్లతో బిగిస్తే పడవ వచ్చేసరికి ఊడదీసి సంచిలో వేసుకోవచ్చు. కరెంటు ప్లగ్గు తీశాకే ఆ నట్ల మీద చెయ్యి వెయ్యండి.