ఒక్క రికార్డూ రాని, ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ ఊరి బీట్ బృందాల (1960ల నాటి గిటార్, డ్రమ్ముల పాప్ బృందాల) పేర్లు ఇప్పటికీ ఎలా తెలుస్తున్నాయి?

చాలావరకు ఒక చిన్న పత్రిక పుణ్యం. ఆర్ట్ కాలేజీలో చదువుకున్న బిల్ హ్యారీ 1961 జులైలో ‘మెర్సీ బీట్’ మొదలుపెట్టాడు. ఏ బృందం ఏ రాత్రి ఎక్కడ వాయిస్తుందో, ఎవరు ఏ బృందంలోకి మారారో అందులో అచ్చయ్యేది. అతను పేర్లు రాసిపెట్టుకున్న బృందాలే వందల్లో ఉన్నాయి. బీటిల్స్ వాటిలో ఒకటి, అంతే.

ఈ బృందాల్లో ఎక్కువమంది పగలు ఉద్యోగమో చదువో చూసుకుని, సాయంత్రం చర్చి హాళ్లలో వాయించిన కుర్రాళ్లు. 1956లో బ్రిటిష్ గాయకుడు లోనీ డొనెగన్ పాట హిట్టయ్యాక స్కిఫిల్ (ఇంట్లో దొరికే వస్తువులతో కూడా వాయించుకునే జానపద తరహా సంగీతం) పిచ్చి ఊరంతా పట్టుకుంది. దానికి డబ్బు అక్కర్లేదు. తేయాకు దిగుమతయ్యే చెక్కపెట్టెను (మన అస్సాం నుంచి వచ్చినదీ కావచ్చు) బోర్లించి, అంచున చీపురుకర్ర నిలబెట్టి, కర్ర కొస నుంచి పెట్టె మధ్యకు తాడు కట్టేవారు. కర్రను వెనక్కి లాగితే తాడు బిగిసి శ్రుతి పెరుగుతుంది. అదే వాళ్ల బేస్ గిటార్! బట్టలుతికే గరుకు రేకు మీద వేళ్లకు అంగుస్తానాలు తొడుక్కుని గీస్తే తాళం. విద్యుత్ గిటార్లు తర్వాత వాయిదాల మీద వచ్చాయి.

రికార్డింగులు మాత్రం అరుదు. బీటిల్స్‌కు ముందు రూపమైన క్వారీమెన్ 1958లో సొంత డబ్బుతో చేయించుకున్నది ఒకే ఒక్క డిస్కు. తలా కొన్నాళ్లు ఉంచుకోగా, చివరికి పియానో వాయించిన కుర్రాడి దగ్గర మిగిలిపోయింది. దాన్ని 1981లో అదే బృందంలో వాయించిన పాల్ మెకార్ట్నీ కొనుక్కున్నాడు.