రోడ్డు గీసే ముందు నీళ్లు చూడు బిడ్డా

బిడ్డా,

నువ్వు సిటీస్ స్కైలైన్స్ అనే ఊళ్లు కట్టే కంప్యూటర్ ఆట మొదలుపెడుతున్నావని, ఇంటర్ అయ్యాక టౌన్ ప్లానింగే చదువుతానంటున్నావని మీ నాయన ఫోన్‌లో చెప్పాడు. ఎంత సంతోషమైందో చెప్పలేను, కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నౌకరీ అంతా మున్సిపాలిటీ ప్లానింగ్ సెక్షన్‌లో చేసి, రిటైరయ్యాక మీ అన్న కంప్యూటర్‌లో ఇదే ఆట ఆడుతున్న పెద్దనాయనను, చెప్పకపోతే ఎట్లా.

ఆటలో ముందు హైవే నుంచి రోడ్డు లాగు, కరెంటు ఇవ్వు. జాగాకు రంగు వెయ్యాలి: ఇళ్లకు ఆకుపచ్చ, దుకాణాలకు నీలం, ఫ్యాక్టరీలకు పసుపు, డిమాండ్ ఏది పెరిగితే అదే కొంచెం కొంచెం వెయ్యి. ఇవి ఆడుతుంటే అవే వస్తాయి.

నా భయమంతా నీళ్ల గురించే. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన మనుషులను మన జిల్లా మర్రిగూడ వైపు చూసినవాణ్ణి కదా. ఆటలో నది ఎటు పారుతోందో చూసి, నీళ్లు తోడే పంపు ఎగువన, మోరీ నీళ్లు వదిలే గొట్టం బాగా దిగువన పెట్టు. చిన్న వాగు మీద ఎక్కువ పంపులు పెట్టావంటే ప్రవాహమే తిరగబడి ఆ మురికి మళ్లీ పంపులోకే వస్తుంది, ఊరంతా జబ్బు పడుతుంది.

నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన ఊళ్లో ఒక చెరువు ఉండేది. కరువొచ్చి వరుసగా కొన్నేళ్లు ఎండిపోయింది. నీళ్లు లేవు కదా అని శిఖం భూమిలో, అంటే చెరువు నీళ్లు నిలిచే జాగాలోనే, ప్లాట్లు చేసి అమ్మారు, అలుగు నీళ్లు పోయే కాలువను పూడ్చి దాని మీదే రోడ్డు వేశారు. కాగితం మీద ఆ వెంచర్ ఎంత ముద్దుగా ఉండేదనుకున్నావు, గీత గీసినట్టు వీధులు, మధ్యలో పార్కు. రిటైర్మెంట్ డబ్బంతా పెట్టి ఒక సారు అక్కడ ఇల్లు కట్టుకున్నాడు. మంచి వానలు పడ్డ ఏడాది చెరువు నిండి, అలుగు దుంకి, నీళ్లకు దారి లేక నడుము లోతున ఇళ్లలోకి వచ్చాయి. బియ్యం, పుస్తకాలు, బిడ్డ పెళ్లికి కొన్న బట్టలు, అన్నీ పోయాయి ఆ సారుకు. ఇల్లు అమ్ముదామంటే కొనేవాడు లేడు. అందరూ మనుషుల దారులు చూశారు, నీళ్ల దారి ఒక్కరూ చూడలేదు. ఇప్పటికీ ఖాళీ మ్యాప్ తెరిస్తే నా కళ్లు ముందు పల్లం వైపే పోతాయి.

ఏం కట్టాలో తోచడం లేదన్నావట. ఫోన్‌లో దుబాయ్ బొమ్మలు చూస్తూ కూర్చుంటే ఏం తోస్తుంది? లతీఫ్ సాహెబ్ గుట్ట ఎక్కి మన నల్లగొండను చూడు, ఊరు ఎటు పెరిగిందో, ఎక్కడ ఇరుకైందో తెలుస్తుంది. పక్కనే ఉన్న పానగల్లు పో. వెనకటి కందూరు చోడ రాజులు అక్కడే ఉదయసముద్రం చెరువు తవ్వించారు, ఛాయా సోమేశ్వరాలయం కట్టారు. ఆ చెరువు ఇప్పటికీ పనికొస్తోంది. నీ మొదటి ఊరిని కూడా అట్లాగే చెరువు పక్కన పెట్టుకో, కట్ట, గుడి, బజారు, ఆ తర్వాతే బంగ్లాలు. గద్వాలలో కోట చుట్టూ ఊరు ఎట్లా అల్లుకుందో సెలవుల్లో నేనే తీసుకుపోయి చూపిస్తా.

అన్నం తినకుండా స్క్రీన్ ముందు కూర్చుంటున్నావని మీ అమ్మ ఏడుస్తోంది. అది మాత్రం నేను ఒప్పుకోను. ఆట ఆపి పెట్టుకోవచ్చు, ఊరు ఎక్కడికీ పోదు. లేచి తిను తల్లీ, కళ్లు పాడైతే నీ ఊళ్లను నాకెవరు చూపిస్తారు.

మ్యాప్ ఎంచుకోగానే నది కనబడేటట్టు ఫోటో తీసి పంపు. పంపు ఎక్కడ పెట్టాలో ఇద్దరం కలిసి చూద్దాం.

మీ పెద్దనాయన