అమెరికాలో తెగల ప్రభుత్వాలు, స్థానిక ప్రభుత్వాలు ఆరోగ్య సేవలు పంచుకుంటాయట కదా, మన ఏజెన్సీలో అలా కుదురుతుందా?

కుదురుతుంది. కానీ ముందు ఇద్దరి దగ్గరా సొంత డబ్బు, సొంత మనుషులు, సొంత నిర్ణయం ఉండాలి. ఒకరు చెయ్యి చాస్తే ఇంకొకరు విదిలించే చోట కుదరదు.

నేను ఓక్లహోమా సిటీలో ఉండగా, 2021 మార్చి సంగతి. స్టేట్ పోర్టల్లో వ్యాక్సిన్ స్లాటు కనిపించేది, నొక్కేసరికి మాయమయ్యేది. మా ఆవిడ పొద్దున్నే తత్కాల్ టికెట్టుకి కూర్చున్నట్టు ఫోన్ పట్టుకుని కూర్చునేది. అప్పుడు ఆఫీసులో ఒకాయన అన్నాడు, "ఏడా అనే ఊరికి వెళ్లండి, చికసా నేషన్ వాళ్లు అందరికీ వేస్తున్నారు" అని. చికసా నేషన్ అంటే అక్కడి ఒక తెగ ప్రభుత్వం. ఈ మాట మా వాట్సాప్ గ్రూపులో పెడితే ఒక అన్నగారు "వాళ్ల కోటా మనకెందుకిస్తారు, డేటు అయిపోయిన సరుకై ఉంటుంది" అని తేల్చేశారు. ఈ గ్రూపుల్లో తెలియనివాళ్లకే గొంతెక్కువ. డాలస్ నుంచి మనవాళ్లు వీకెండుకి ఎగబడే విన్‌స్టార్ క్యాసినో కూడా ఆ చికసా నేషన్‌దే. అక్కడ డబ్బులు పోగొట్టుకోవడానికి మాత్రం ఎవరికీ అనుమానాలు రావు.

ఇంటి నుంచి ఏడాకి గంటన్నర. పెద్ద షెడ్డు కింద కార్ల వరసలు. ఫారంలో తెగ సభ్యత్వం ఉందా అన్నచోట "లేదు" అని టిక్కు పెట్టా. నర్సమ్మ దానివైపు చూడనైనా చూడలేదు. "ఏ చెయ్యి?" అంది, అద్దం దించా, సూది పడింది. విండ్‌షీల్డు మీద మార్కరుతో టైము రాసి, అప్పటిదాకా పక్కన ఆగమంది. మా వెనక ట్రక్కులో గడ్డి మోపులు, స్టీరింగు దగ్గర టోపీ పెట్టుకున్న రైతు తాత. రాష్ట్ర ప్రభుత్వం అందరికీ గేట్లు ఎత్తింది మార్చి 29న. వీళ్లు అంతకు ముందే ఎత్తేశారు.

దీని వెనక దాతృత్వం ఒక్కటే ఉందనుకుంటే పొరపాటు. వ్యాక్సిన్ రాష్ట్రం ద్వారా తీసుకోవాలా, ఫెడరల్ ప్రభుత్వపు ఇండియన్ హెల్త్ సర్వీస్ నుంచి నేరుగా తెచ్చుకోవాలా అన్నది తెగల ఇష్టానికే వదిలారు. చికసా, చెరోకీ తెగలు నేరుగా తెచ్చుకున్నాయి. 1975 చట్టం పుణ్యమా అని ఆసుపత్రులు వాళ్లే నడుపుకుంటారు. చెరోకీలైతే తమ భాష మాట్లాడే పెద్దవాళ్లను వరసలో ముందు నిలబెట్టారు. తమవాళ్లకి సరిపోయాక ఊరందరికీ వేశారు. ఇంకో విడ్డూరం, ఓక్లహోమాలో కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంట్లు రెండు పెద్ద నగరాల్లో తప్ప రాష్ట్రానికి బ్రాంచీలే. కౌంటీకి లేని స్వేచ్ఛ తెగకుంది.

అక్కడా గొడవలున్నాయి. జబ్బుల లెక్కలు చూసుకోవడానికి తెగలకి 12 కేంద్రాలున్నాయి, 2010లో వాటికి చట్టబద్ధమైన అధికారం కూడా ఇచ్చారు. అయినా అడిగిన డేటా సరిగా రావట్లేదని అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థే 2022లో రాసింది. సూది పంచుకున్నంత తేలిగ్గా కాగితం పంచుకోరు.

ఇక మన సంగతి. మాది నర్సీపట్నం వైపు. కొండ దిగువ మండలాల్లో కొన్ని గిరిజన గూడేలు షెడ్యూల్డ్ ఏరియా, అంటే గిరిజన ప్రాంతమని ప్రత్యేకంగా ప్రకటించిన జాబితాలో లేవు. కొండమీదా కొండదొరలే, కిందా కొండదొరలే, గీత మాత్రం మధ్యలో పోయింది. మా పిన్ని అలాంటి చోట ఏఎన్ఎంగా, అంటే ఊళ్లు తిరిగే ప్రభుత్వ నర్సుగా చేసింది. టీకాల డబ్బా భుజాన వేసుకుని, లోపల ఐస్ కరిగేలోగా ఎక్కి దిగాలి. జీపు ఇప్పించమంటే ఒక ఆఫీసులో "మీది షెడ్యూల్ ఏరియా కాదమ్మా" అనేవారు, ఇంకో ఆఫీసులో "గిరిజనుల గూడెం కదా, గిరిజన శాఖ వాళ్లనే అడుగు" అనేవారు. నెలలు నిండిన ఆడమనిషిని మాత్రం డోలీలోనే దింపేవారు. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడగొట్టాక కింది గూడెం అనకాపల్లి జిల్లా, పైన కొండ అల్లూరి సీతారామరాజు జిల్లా అయ్యాయి. ఇదివరకు తిట్టుకోవడానికి కలెక్టరైనా ఒకరే ఉండేవారు.

ఏజెన్సీలో గిరిజనాభివృద్ధి పనులు చూసే సర్కారీ సంస్థ ఐటీడీఏని గిరిజనుల ప్రభుత్వం అనుకునేవాళ్లున్నారు. దాన్ని నడిపే ప్రాజెక్టు ఆఫీసరుని (పీవో) గిరిజనులు ఎన్నుకోలేదు. గిరిజనుల చేతికి ఏదైనా ఇచ్చిందంటే షెడ్యూల్డ్ ఏరియా పంచాయతీల కోసం 1996లో చేసిన పెసా చట్టమే. సామాజిక రంగాల్లో సంస్థల మీదా, సిబ్బంది మీదా పంచాయతీకి, గ్రామసభకి అజమాయిషీ ఉండాలని అందులో ఉంది. పీహెచ్‌సీ డాక్టరు రాకపోతే ఎందుకు రాలేదని పిలిచి నిలదీసి, జీతం ఆపించిన గ్రామసభ ఒక్కటి చూపించండి, ఈ జవాబు తీసేస్తా. పైగా పెసా షెడ్యూల్డ్ ఏరియాకే, మా పిన్ని తిరిగిన గూడేలకి అదీ లేదు.

ఐటీడీఏలోనో జిల్లా వైద్యాధికారి (డీఎంహెచ్‌వో) ఆఫీసులోనో పనిచేసినవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్కటి చెప్పండి. ఆ గీతకి ఇవతలి గూడేలకి టీకాల జీపు పంపాలంటే డీజిల్ ఖర్చు ఎవరి పద్దులో రాస్తారు?